సారు రాయని పంక్తి

మా లెక్కల సారు పోయారని నాతో చదివిన ఆవిడ ఫోను చేసి చెప్పింది. అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదట. తొంభైకి దగ్గరపడ్డ వయసు, మంచాన పడకుండా, ఎవరికీ బరువు కాకుండా వెళ్లిపోయారు. పుణ్యాత్ముడు అంది ఆవిడ, నేనూ అన్నాను. ఫోను పెట్టేసి నా ఎడమ చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా తిప్పి చూసుకున్నాను. అక్కడేమీ లేదు, ఎప్పుడో పోయింది. అయినా చూసుకున్నాను.

ఆయన మాకు రాయచూరు కాలేజీలో లెక్కలు చెప్పారు. అప్పటికి కుర్రాడే, ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. సైకిలు మీద వచ్చేవారు. వాడగా మిగిలిన సుద్దముక్కలు పారెయ్యడానికి మనసొప్పక చొక్కా జేబులో వేసుకునేవారు, అందుకని ఏ రంగు చొక్కా తొడిగినా జేబు మాత్రం తెల్లగానే ఉండేది. ఆయనది పాత రాయచూరు తెలుగు. మేమేమో కోస్తా నుంచి వచ్చినవాళ్లం. ఆయన "గిట్ల", "గట్ల" అంటుంటే మొదటివారం వెనక బెంచీలో మూతులు మూసుకుని నవ్వాం. రెండోవారానికి నవ్వు పోయింది, ఎందుకంటే లెక్క అర్థమవడం మొదలైంది. లెక్క అర్థమయ్యే భాష కన్నా మంచి భాష ఇంకేముంటుంది చెప్పండి.

పరీక్షలప్పుడు ఆయన కాపలా ఉంటే ఒక తమాషా జరిగేది. కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తూ ఉండేవారు. ఇటు తిరగబోయే ముందు ఒకసారి గట్టిగా దగ్గేవారు. ఆ దగ్గు వినగానే ఒళ్లోకి, పక్కవాడి కాగితం మీదికి పోయిన చూపులన్నీ వెనక్కి వచ్చేసేవి. ఒకసారి ఎవరో ధైర్యం చేసి, "దగ్గకుండా తిరిగితే దొరుకుతారు గదా సార్" అని అడిగారు. "పట్టుడు నా పని గాదు. ఆపుడు నా పని" అన్నారు ఆయన.

ఇంకో మాట పాఠం మొదలుపెట్టినప్పుడల్లా చెప్పేవారు. "ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి. తెల్వకుంటే తెల్వదని రాయుండ్రి. అది గూడ ఉన్నదే గద." నేను రాసేదంతా ఈ మాట గురించే. కాని దానికి ముందు మా క్యాంపు సంగతి చెప్పాలి.

తుంగభద్ర కాలువ వచ్చాక కృష్ణా, గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ భూములు కొనుక్కున్నవాళ్ల ఊళ్లను క్యాంపులంటారు. మాది సిరవార దగ్గర క్యాంపు. మా నాన్నకు మేమిద్దరం ఆడపిల్లలమే. నాన్నకు అక్షరం ముక్క రాదు, మిగతా ఇళ్లలోనూ వచ్చినవాళ్లు తక్కువ. అందుకని ఏ తూముకి ఎప్పుడు నీళ్లో రాసుకునే పని నాది. లస్కరు, అంటే కాలువ తలుపులు ఎత్తి దించే సర్కారు మనిషి, గట్టు మీద నిలబడి చెప్పేవాడు. నేను బురదలో నిలబడి రాసుకునేదాన్ని. కాగితం మీద రాస్తే తడిసి ముద్దవుతుంది. అందుకని కాలువ కింద రాయడం వచ్చినవాళ్లందరిలాగే నేనూ చేతి మీదే రాసుకునేదాన్ని, తడి తగిలితే ఊదారంగుకి తిరిగే పెన్సిలుతో. ఇంటికెళ్లి అందరికీ చదివి చెప్తే నా పని అయిపోయేది.

అసలు వంతులతో పాటు దొంగ వంతులు కూడా ఉండేవి. దాచేదేముంది, ఇప్పుడు ఆ క్యాంపులో ఆ తరం వాళ్లెవరూ లేరు. లస్కరుతో పెద్దవాళ్లు ఏదో మాట్లాడుకున్నారు. వారంలో ఒక పూట దిగువ ఊరికి పోయే తలుపు దించేసి, ఆ నీళ్లు మా తూములకు తిప్పేవాడు. దిగువ ఊరంటే కాలువ చిట్టచివర, యరగేర వైపు, తరాలుగా అక్కడే ఉన్న పాతకాపులది. ఆ పూట ఏదో కూడా నా చేతి మీదే రాసుకునేదాన్ని. ఎవరి నీళ్లో నాకు తెలుసు. పొలంలో నిలబడితే మన వరి కనిపిస్తుంది గాని వాళ్ల వరి కనపడదు.

కాలేజీలో అర్ధసంవత్సర పరీక్షలు. ఆ ఉదయం లెక్కల పరీక్ష. తెల్లవారక ముందే నాన్నతో తూము దగ్గరికి వెళ్లి, లస్కరు చెప్పిన నాలుగు పంక్తులు మణికట్టు నుంచి మోచేతి దాకా రాసుకున్నాను. మూడు మా క్యాంపు వంతులు. నాలుగోది దిగువ తలుపు ఏ రోజు ఏ వేళకు దించుతాడో, ఆ ఊరి పేరుతో సహా. ఇంటికొచ్చి చదివి చెప్పి, ఉన్న బట్టలతో బస్సెక్కాను. కాలేజీలో దిగాక చూసుకుంటే చెయ్యంతా గీతలు. సిగ్గేసి పంపు కింద పెట్టి రుద్దాను. అంత తెలివి తక్కువ పని ఇంకోటి లేదు. ఆ పెన్సిలుకి కావలసింది నీళ్లే. మసకగా ఉన్న రాత కాస్తా ముదురు ఊదా అయి కూర్చుంది.

ఓణీ కొంగు కప్పుకుని పరీక్ష రాస్తున్నాను. సారు కిటికీ దగ్గర దగ్గారు. అందరూ సర్దుకున్నారు. దాచుకోవాల్సింది నా దగ్గర ఏమీ లేదనుకుని నేను కదల్లేదు, కొంగు జారినా పట్టించుకోలేదు. సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్‌గారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన కన్నడం ఆయన, సాహిత్యం మనిషి. అంకె కనపడితే చాలు అది లెక్కల సూత్రమే ఆయనకు. "ఏనమ్మా ఇదు?" అని నా చెయ్యి వైపు చూపించారు. ఏమిటమ్మా ఇది అని. నేను గబుక్కున కొంగు లాక్కుని కప్పుకున్నాను.

కాలేజీ నిబంధన ఏమిటంటే, పట్టుబడ్డ సరుకు స్వాధీనం చేసుకుని జవాబు కాగితానికి జత చెయ్యాలి. చెయ్యిని ఎలా జత చేస్తారు? కాసేపు ఆఫీసులో అదే చర్చ. చివరికి ప్రిన్సిపాల్‌గారు, చేతి మీద ఉన్నదంతా ఒక కాగితం మీద ఎత్తి రాసి పిల్ల చేత సంతకం పెట్టించమని సారుకి చెప్పి వెళ్లిపోయారు.

ఖాళీ గదిలో బల్ల మీద నా చెయ్యి చాపించి సారు ఎత్తి రాశారు. ఒక్కొక్క అంకె చూసి, రాసి, మళ్లీ చూసి. మూడు పంక్తులు అయ్యాయి. నాలుగో దాని దగ్గర కలం ఆగింది. తరవాత కలం మూసేసి, "దస్కతు పెట్టు బిడ్డా" అన్నారు. మూడు పంక్తుల కిందే నా సంతకం పెట్టాను. నాలుగోది అర్థంకాక వదిలేశారనుకున్నాను. ఊరి పేరు అంత స్పష్టంగా ఉన్నది ఎందుకు అర్థం కాదు అని ఆ క్షణాన తోచలేదు.

విచారణ వారానికి వేశారు. కాపీ కొట్టానని రాసిచ్చి క్షమాపణ కోరితే ఒక పరీక్ష పోతుంది, కాలేజీలో ఉండనిస్తారు. కాని సర్టిఫికెట్ మీద నడవడి దగ్గర ఆ మాట ఎక్కుతుంది. అది ఎక్కిన పిల్లకు టీచరు ఉద్యోగం ఎవరిస్తారు? నాకున్న ఆశ అదొక్కటే. కొట్టలేదంటే ఆ రాత ఏమిటో చెప్పాలి. నీళ్ల వంతులంటే ఎవరి వంతులని అడుగుతారు. ప్రిన్సిపాల్‌గారి పక్కిల్లు కాలువ ఇంజనీరుది, సాయంత్రాలు ఇద్దరూ కలిసి పేకాడతారు. చెప్పి నమ్మించలేకపోతే కాలేజీ నుంచే పంపేస్తారు. ఎటు తిరిగినా గోడే.

ఈలోగా పెద్దవాళ్లు మా వాకిట్లో చేరారు. క్యాంపు పెద్ద, మా నాన్నకు బాబాయి వరస, మెల్లగానే చెప్పాడు. "అమ్మాయ్, కాపీ కొట్టాననేసెయ్. నీకో పరీక్ష పోద్ది. నీళ్లు పోతే క్యాంపే పోద్ది."

"చెయ్యని దొంగతనం ఒప్పుకోమంటారా తాతయ్యా?" అన్నాను.

"చేసింది దాచడానికే గదమ్మా" అన్నాడాయన, ఏ మాత్రం తడబడకుండా.

మా అమ్మ లోపలి నుంచి వచ్చింది. "పిల్ల బతుకు మీద వరి పండించుకుంటారా మీరంతా?" అంది. నాన్న తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు ఆయన మీద వచ్చినంత కోపం నాకు జన్మలో ఎవరి మీదా రాలేదు.

అంతలో ఇంకో సంగతి తెలిసింది. సారుది ఆ దిగువ ఊరేనని, ఆయన తమ్ముడు అక్కడే సేద్యం చేస్తున్నాడని నాతో చదివే పిల్ల చెప్పింది. ఇంటికొచ్చి చెప్తే క్యాంపు పెద్ద మొహం నల్లబడింది. "వదిలెయ్యలేదమ్మా ఆయన, దాచుకున్నాడు. అందరి ముందూ తీస్తాడు చూడు" అన్నాడు. మరిచిపోయారా, దాచారా, దాచి తీస్తారా? వారమంతా ఇదే. అమ్మ నిమ్మకాయతో, చింతపండుతో, బూడిదతో నా చెయ్యి తోమింది. తోలు ఎర్రబడింది గాని రాత పోలేదు. మూడు పంక్తులు పలచబడ్డాయి. మోచేతి దగ్గరి నాలుగోది మాత్రం ఎవరైనా చదవగలిగేటట్టే ఉంది.

విచారణ రోజు అమ్మ పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని బయల్దేరాను. బస్సులో నాన్న, "నీకేది తోస్తే అది చెప్పమ్మా" అన్నాడు. తోచింది చెప్పమనడమంటే భారం నా నెత్తిన పెట్టి తను పక్కకు జరగడమే. ఆ మాట ఆయనతో అనలేదు. కిటికీలోంచి కాలువ గట్టు చూస్తూ కూర్చున్నాను.

గదిలో ప్రిన్సిపాల్‌గారు, ఇంకో పెద్ద లెక్చరరు, మా సారు కూర్చున్నారు. నేను నిలబడ్డాను, ఇటువైపు కుర్చీ లేదు. నాన్నను వరండాలోనే ఆపేశారు. సారు ఆ కాగితం చదివారు, మూడు పంక్తులూ. పరీక్ష ప్రశ్నలు పక్కన పెట్టుకొని చూశానని, ఈ అంకెలకూ ఏ లెక్కకూ సంబంధం లేదని చెప్పారు.

"మరి ఏమిటివి?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

నేను నోరు తెరిచేలోగా సారే అన్నారు. "నీళ్ల వంతులు సార్. పొల్లగాండ్లు లేని ఇల్లు, ఈ పిల్లనే పొలం కాడ రాసుకుంటది. మా ఊర్లె గూడ గిట్లనే రాసుకుంటరు."

మా ఊర్లె అనేశారు. ఇప్పుడు తీస్తారు అనుకున్నాను. ఆయన కాగితం మడిచి బల్ల మీద పెట్టారు, అంతే. పెద్ద లెక్చరరుకి ఇంకా అనుమానం తీరలేదు. చెయ్యి ఒకసారి చూపించమన్నారు. నేను జాకెట్టు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"ఆడపిల్ల సార్. ఉన్నదంత ఎత్తి రాసిన. దస్కతు గూడ పెట్టింది" అన్నారు సారు. గొంతు మామూలుగానే ఉంది. చూపు మాత్రం కిటికీ మీద ఉంది.

ప్రిన్సిపాల్‌గారు నా వైపు తిరిగారు. ఇంతేనా ఉన్నది అని అడిగారు.

"ఇంతే సార్" అన్నాను.

సారు దగ్గారు. ఈసారి ఎవరికోసం దగ్గారో నాకు తెలియదు.

కాపీ కాదని తేల్చారు. ఒంటి మీద రాతతో హాల్లోకి రావడం తప్పు కాబట్టి ఆ ఒక్క పరీక్ష మాత్రం సున్నా. సర్టిఫికెట్ మీద మచ్చ పడలేదు. చదువు పూర్తయింది, ఉద్యోగం వచ్చింది. నేను తిన్న ప్రతి ముద్దా ఆ మడిచిన కాగితం పెట్టిందే.

తన ఊరి నీళ్లే పోతున్నాయని తెలిసీ సారు చేసింది నాన్నకు చెప్పాను. ఆ వారం నాన్న దొంగ వంతుకి తూము ముట్టుకోలేదు. మిగతావాళ్లు ముట్టుకున్నారు. తరవాతి వారాల్లో నాన్న ఏం చేశాడో నేను అడగలేదు. నన్ను రాయమని మాత్రం మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఆయన్ని అడిగే ధైర్యం ఎన్నో ఏళ్లకు గాని రాలేదు. నేను హట్టి బడిలో పని చేస్తున్న రోజుల్లో లింగసుగూరు బస్టాండులో కనిపించారు. టీ తాగుతున్నారు, జేబు తెల్లగానే ఉంది. ఎందుకు వదిలేశారు సార్ ఆ పంక్తి అని అడిగేశాను. గ్లాసు చేతిలో తిప్పుకుంటూ ఉండి, "నన్ను కాపీ పట్టమని నిలబెట్టిండ్రు. నీళ్ల దొంగల పట్టమని గాదు" అన్నారు. నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. "గట్లని నాకు నేను చెప్పుకున్న బిడ్డా. కాని ఉన్నది ఉన్నట్టు రాయలే గద. రాస్తె నీ సదువు పోతుండె. రాయకపోతె మా వోళ్ల నీళ్లు పోయినయి. ఏది జేసినా తప్పే ఉండె." బస్సు వచ్చింది, ఎక్కేశారు.

తరవాత నేనూ జూనియర్ కాలేజీకి మారి, అలాంటి విచారణల్లో అటువైపు కుర్చీలో కూర్చున్నాను. ఒప్పుకుంటే చిన్న శిక్ష, కాదంటే పెద్ద శిక్ష అనే పద్ధతి మారలేదు. తప్పు చేసినవాడు అందులోంచి సులువుగా బయటపడతాడు. చెయ్యనివాడే ఇరుక్కుంటాడు. నేను మార్చగలిగింది ఒక్కటే, నిలబడ్డ పిల్లకు ఒక కుర్చీ వేయించేదాన్ని. కాపీ కొట్టావా అని అడిగేదాన్ని కాదు, ఇదేమిటో చెప్పమ్మా అని అడిగేదాన్ని. ఆ తరవాత ఎంతసేపైనా కూర్చునేదాన్ని.

సారు రిటైరయ్యాక సొంత ఊరికే వెళ్లిపోయారు. పోయారని తెలిసి నేనూ ఆ ఊరు వెళ్లాను. వాకిట్లో వేరే వేరే ఏళ్లలో చదివిన వాళ్లం ఒక పదిమంది చేరాం. దగ్గు గురించి చెప్పుకున్నారు, సుద్దముక్కల గురించి చెప్పుకున్నారు. నేను "ఉన్నది ఉన్నట్టు రాయుండ్రి అనేవారు గుర్తుందా" అన్నాను. నా తరవాతి ఏళ్ల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకతను, "మాకెప్పుడూ ఆ మాట చెప్పలేదమ్మా" అన్నాడు. ఇంకొకావిడా అదే అంది. మా తరగతి వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ విచారణ తరవాత ఆయన ఆ మాట అనడం మానేశారన్నమాట. అక్కడ కూర్చోలేక లేచాను.

చావు ఇంటి నుంచి పోతూ కాళ్లు కడుక్కోవాలి గదా. పెరట్లో సారు తమ్ముడి భార్య, ముసలావిడ, బిందె పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చెంబుతో పోస్తోంది. కడిగిన నీళ్లు మిరపమొక్కల పాదులోకి పోయేటట్టు కాలువ తీసి ఉంది. ఎవరి ఆడపడుచువమ్మా అని అడిగింది. సిరవార క్యాంపు అని చెప్పాను.

"మీ దిక్కు నీళ్లకు కొదవ లేదు లే" అంది, ఎత్తిపొడుపేమీ లేకుండా. "మాకు ఒక యేడు పొట్ట మీదున్న వరంత ఎండె. తలుపు ఎవరో దించుతుండ్రని మా ఇంటాయన కాలువ కచేరికి పోతనంటే బావనే ఆపిండు. తమ్ముని మీద ఎన్నడు కోపం చెయ్యనోడు ఆ దినం చేసిండు. ఇద్దరు ఏడాది దాంక మాట్లాడుకోలే. ఎందుకాపిండో సచ్చేదాంక చెప్పలే."

ఆయన చెప్పకుండా పోయింది నేను చెప్పొచ్చా? ఆయన దాచింది నాకోసం. నేనిప్పుడు దాస్తే అది నాకోసమే. "నాకోసం ఆపారక్కా" అన్నాను. "ఆ తలుపు దించే వేళ రాసుకున్న చెయ్యి ఇదే. అది బయటికొస్తే నా చదువు పోయేది. అందుకని ఆపారు."

చెంబు వంచిన చెయ్యి వంచినట్టే ఆగింది, చెంబు ఖాళీ అయిపోయింది. ఆవిడ నా మొహం చూడలేదు. నా చెయ్యి చూసింది. తరవాత బిందెలో చెంబు నిండా ముంచింది.

"కాళ్లు అయినయి. చెయ్యి గూడ పట్టు, చెల్లె" అంది. పట్టాను. మణికట్టు నుంచి మోచేతి దాకా పోసింది.